మన పక్క వీధి కుర్రాడు జాక్

(తూర్పు లండన్‌లోని ఒక తెలుగు బడి వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పెద్దలంతా ముందు కూర్చున్నారు, పిల్లలు వెనకెక్కడో గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇవాళ నేను చెప్పబోయేది ఒక బడిపిల్లాడి సంగతి. కాబట్టి పిల్లలు ముందుకు రండమ్మా. ఇదిగో, ఇక్కడ జంపఖానా పరిచారు, కూర్చోండి. ఆ చివర నిలబడ్డ పెద్ద పిల్లలు కూడా రండి, బాబూ. పదిహేను, పదహారేళ్ళ వాళ్ళు మరీ ముఖ్యంగా రావాలి.

కూర్చున్నారా? సరే.

మీలో జాక్ కార్న్‌వెల్ స్ట్రీట్ తెలిసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మేనర్ పార్క్ వైపు ఉంది కదా. మరి ఆ జాక్ కార్న్‌వెల్ ఎవరో తెలిసినవాళ్ళు? ... ఒక్కరు. ఒక్క అమ్మాయి. సంతోషం తల్లీ.

ముప్ఫై ఏళ్ళు విశాఖపట్నంలో పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరకి ఇక్కడికి వచ్చాను. వచ్చిన కొత్తలో నాకు పనేమీ లేదు. మనవణ్ణి బడిలో దింపి, కాళ్ళు పట్టినంత దూరం నడిచి ఇంటికి వచ్చేవాణ్ణి. అలా ఒకరోజు ఆ వీధి పేరు పలక కనబడింది. ఎవరో రాజకీయ నాయకుడో, పాతకాలపు జమీందారో అయ్యుంటాడనుకున్నాను. వీధులకి పెట్టేది అలాంటి వాళ్ళ పేర్లే కదా. నెలరోజుల తర్వాత మేనర్ పార్క్ శ్మశానవాటికలో నడుస్తుంటే అదే పేరు ఒక పెద్ద రాయి మీద చెక్కి ఉంది. దగ్గరికి వెళ్ళి వయసు చూశాను. పదహారు.

ఆ పూట ఇంటికి ఆలస్యంగా వెళ్ళాను. అప్పటి నుంచి దొరికినదల్లా చదువుతున్నాను. అందులో కొంత మీకు చెప్పాలని ఇవాళ వచ్చాను.

జాన్ ట్రావర్స్ కార్న్‌వెల్. ఇంట్లో, వీధిలో అందరికీ జాక్. 1900 జనవరి 8న లేటన్‌లో పుట్టాడు. ఇక్కడికి బస్సులో అరగంట కూడా పట్టదు. తర్వాత ఆ కుటుంబం మేనర్ పార్క్‌లోని ఆల్వర్‌స్టోన్ రోడ్డుకి మారింది. మన మురుగన్ గుడికి వెళ్ళేవాళ్ళందరూ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటారు. తండ్రి ఈలై ఒకప్పుడు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఆ తర్వాత పాలు అమ్మాడు, ట్రామ్ నడిపాడు. తల్లి లిల్లీ. ఇంటినిండా పిల్లలు. తండ్రి మొదటి పెళ్ళి పిల్లలు కూడా ఉన్నారు. నెల చివరికి వచ్చేసరికి డబ్బుకి కటకటలాడే ఇల్లు.

జాక్ చదివింది వాల్టన్ రోడ్ స్కూల్లో. ఇప్పుడు ఆ భవనం లేదు, కూల్చేశారు. కూల్చక ముందే ఆ బడికి జాక్ పేరే పెట్టారు. ఆ కాలంలో పేదింటి పిల్లలకి చదువు పద్నాలుగేళ్ళతో అయిపోయేది. పద్నాలుగు నిండిన రోజున పుస్తకాల సంచి పక్కన పెట్టి పనిలోకి వెళ్ళాల్సిందే. జాక్ కూడా అలాగే వెళ్ళాడు.

ఎక్కడికి వెళ్ళాడో చెబితే మన పెద్దలకి ఆశ్చర్యం వేస్తుంది. బ్రూక్ బాండ్ టీ బండి మీద. అవును, మన ఇళ్ళల్లో తెల్లారి లేచి చింపే పొట్లం మీదుండే ఆ బ్రూక్ బాండే. చిన్నప్పుడు మా అమ్మ ఖాళీ అయిన టీ డబ్బాలో పోపు గింజలు పోసుకునేది. అదే కంపెనీ బండి మీద నిలబడి జాక్ ఈ వీధుల్లో కొట్టు కొట్టుకీ టీ పెట్టెలు దింపేవాడు. ఆ పెట్టెల్లో ఉన్నది చాలావరకు మన దేశపు కొండల్లోనూ, సిలోనులోనూ కూలీలు కోసిన ఆకు. ఎక్కడి ఆకు, ఎక్కడి కుర్రాడు. ఈ ఒక్క సంగతి తెలిశాక అతను నాకు పరాయివాడు అనిపించలేదు.

మరో సంగతి, అతను స్కౌటు కూడా. మీలో స్కౌట్స్‌లో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఆ మాటకొస్తాను.

1914లో యుద్ధం మొదలైంది. తండ్రి ఈలై వయసు మీద పడ్డా మళ్ళీ సైన్యంలోకి వెళ్ళాడు. 1915లో జాక్ టీ బండి పని మానేసి నేవీలో చేరాడు. తండ్రిని అడగలేదు. అడిగితే వద్దంటాడని అనుకున్నాడో ఏమో. నేవీలో చేరాలంటే ఈ కుర్రాడు మంచివాడు అని ఎవరైనా రాసివ్వాలి. జాక్ రెండు ఉత్తరాలు పట్టుకెళ్ళాడు. ఒకటి యజమాని ఇచ్చింది, రెండోది వాల్టన్ రోడ్ స్కూల్ హెడ్మాస్టరు ఇచ్చింది.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. పిల్లలూ, మీకిది చిన్న విషయంలా ఉంటుంది. నాకు కాదు. నా ఉద్యోగంలో అలాంటి ఉత్తరాలు నేను చాలా రాశాను. "ఈ విద్యార్థి మా పాఠశాలలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు చదివెను. ఇతని నడవడి సంతృప్తికరము." ఇంతే. రెండు వాక్యాలు, కింద సంతకం, పైన రబ్బరు స్టాంపు. మా విశాఖలో నేవీలో చేరే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. కాండక్ట్ సర్టిఫికెట్ కోసం వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. సంతకం పెట్టి, భుజం తట్టి, "వెళ్ళిరా నాయనా" అనేవాణ్ణి. వాళ్ళు వీధి మలుపు తిరిగేలోగా నేను ఇంకో కాగితం మీద పడేవాణ్ణి. జాక్ హెడ్మాస్టరు కూడా అలాగే సంతకం పెట్టి ఉంటాడు. ఏడాది తిరక్కుండానే ఆ కుర్రాడి పేరు దేశమంతా మోగినప్పుడు, ఆ సంతకం పెట్టిన చెయ్యి ఎలా వణికి ఉంటుందో నేను ఊహించగలను.

శిక్షణ ప్లిమత్‌లో జరిగింది. అక్కడ జాక్‌కి నేర్పిన పనిని ఇంగ్లీషులో 'సైట్ సెట్టర్' అంటారు. ఇది మీకు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అతను ఏం చేశాడన్నది ఈ పని తెలిస్తేనే అర్థమవుతుంది.

ఓడ మీద పెద్ద ఫిరంగి ఉంటుంది. దాన్ని పేల్చడానికి బోలెడుమంది కావాలి. గుండు మోసుకొచ్చేవాడు, గొట్టంలోకి తోసేవాడు, ఫిరంగిని అటూ ఇటూ తిప్పేవాడు, పేల్చేవాడు. వీళ్ళెవరికీ శత్రువు ఓడ ఎంత దూరంలో ఉందో సరిగ్గా తెలీదు. పొగ, మంచు, కెరటాలు. ఓడ పైభాగాన కొందరు అధికారులు దుర్భిణులతో చూసి దూరం లెక్కగడతారు. ఆ అంకె టెలిఫోన్ తీగ ద్వారా ఫిరంగి దగ్గరున్న ఒక్కడి చెవిలో పడుతుంది. ఆ ఒక్కడు సైట్ సెట్టర్. వాడి చెవులకి గొట్టాలు తగిలించి ఉంటాయి, వాడి చేతి దగ్గర ఒక ఇత్తడి చక్రం ఉంటుంది. చెవిలో పడ్డ అంకెకి ఆ చక్రాన్ని తిప్పాలి. గజాల లెక్క తప్పితే గుండు నీళ్ళలో పడుతుంది. వాడు చూడాల్సింది చక్రాన్ని, వినాల్సింది చెవిలో మాటని. చుట్టూ ఏం జరుగుతున్నా తల తిప్పకూడదు.

డిక్టేషన్ రాసే పిల్లాణ్ణి ఎప్పుడైనా చూశారా? టీచరు నోట్లోంచి తర్వాతి మాట ఎప్పుడొస్తుందా అని పెన్సిలు ఎత్తి పట్టుకుని కూర్చుంటాడు. సరిగ్గా అలాంటి పని. బడి నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్ళకి ఈ పని అప్పగించడంలో విడ్డూరమేమీ లేదు.

1916 ఈస్టర్ సోమవారం నాడు జాక్ స్కాట్లండ్‌లోని రోసైత్‌కి బయల్దేరాడు, తన ఓడ ఎక్కడానికి. ఆ ఓడ పేరు చెస్టర్. చిన్న క్రూజర్, అంటే వేగంగా వెళ్ళే యుద్ధనౌక. అసలు గ్రీసు దేశం కోసం కట్టడం మొదలుపెట్టినది, యుద్ధం రావడంతో బ్రిటన్ తీసుకుంది. మే నెల మొదట్లో నౌకాదళంలో చేరింది. అంటే ఓడా కొత్తది, జాకూ కొత్తవాడు. దాని మీద అయిదున్నర అంగుళాల ఫిరంగులు పది ఉన్నాయి. జాక్‌ది ముందు భాగంలో ఉన్న ఫిరంగి.

ఒక్క నెల గడిచింది. మే 31.

డెన్మార్క్ పక్కన ఉత్తర సముద్రంలో బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు ఎదురుపడ్డాయి. దాన్ని జట్లండ్ యుద్ధం అంటారు. రెండు వైపులా కలిపి దాదాపు 250 ఓడలు. వాటి మీద లక్షమంది మనుషులు. చరిత్ర పుస్తకాల్లో దీని గురించి బాణాల గుర్తులతో పటాలుంటాయి. ఆ పటాలన్నీ పక్కన పెడదాం. మనకి కావాల్సింది ఒక్క ఓడ, అందులో ఒక్క ఫిరంగి.

సాయంత్రం అయిదున్నర ప్రాంతం. చెస్టర్ పెద్ద ఓడలకి ముందు దారి చూసే పని మీద ఉంది. దూరంగా ఫిరంగుల మెరుపు కనబడితే అదేమిటో చూద్దామని అటు తిరిగింది. మంచు తెరలో నుంచి ఒక ఓడ కనబడింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మొత్తం నాలుగు జర్మన్ క్రూజర్లు. ఫ్రాంక్‌ఫర్ట్, వీస్‌బాడెన్, పిలావ్, ఎల్బింగ్. నాలుగూ కలిసి ఒక్క చెస్టర్ మీద గురిపెట్టాయి.

కొద్ది నిమిషాల్లో చెస్టర్‌కి పదిహేడు గుళ్ళు తగిలాయి. జాక్ ఉన్న ఫిరంగికే కనీసం నాలుగు తగిలాయి.

ఇప్పుడు చెప్పేది కాస్త కష్టమైన సంగతి. అయినా చెబుతాను. ఆ ఫిరంగులకి ముందువైపు ఒక ఉక్కు కవచం ఉండేది, మనుషుల్ని కాపాడటానికి. కానీ ఆ కవచం డెక్కు దాకా దిగదు. కింద ఖాళీ ఉంటుంది. వెనక వైపు మొత్తం తెరిచే ఉంటుంది. గుండు పక్కన పడి పేలితే ఉక్కు ముక్కలు ఆ కింది సందులోంచి దూసుకొచ్చేవి. ఫిరంగి దగ్గరున్న నావికులు చాలామంది మోకాళ్ళ కింద దెబ్బ తిని పడిపోయారు. కాళ్ళు తెగిపోయినవాళ్ళున్నారు. ఇందులో శత్రువు భాగం ఎంత ఉందో, ఆ కవచాన్ని అలా గీసిన నక్షాకి అంత భాగం ఉంది. ఇంకాస్త రేకు కిందికి దించి ఉంటే ఎంతమంది కాళ్ళు మిగిలేవో కదా. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

జాక్ ఛాతీలోకి ఉక్కు ముక్కలు దిగాయి. పోరు మొదలైన కాసేపటికే దిగాయి. చుట్టూ తనతో నెల రోజులు కలిసి తిన్నవాళ్ళు, తనని తమ్ముడూ అన్నట్టు చూసుకున్నవాళ్ళు చనిపోయో, చావుబతుకుల్లోనో పడి ఉన్నారు. ఫిరంగి ఇక పేలే స్థితిలో లేదు. పేల్చడానికి మనుషులు లేరు.

జాక్ అక్కడే నిలబడ్డాడు.

కిందికి వెళ్ళి గాయం కట్టించుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. అతను వెళ్ళలేదు. చెస్టర్ తప్పించుకుని బయటపడ్డాక వైద్య సిబ్బంది వచ్చి చూస్తే, ఛాతీలో ఇనుప ముక్కలతో, ఫిరంగి పక్కన తన చోటులోనే, ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు.

పిల్లలూ, మీరు సినిమాల్లో చూసే వీరుడు పరిగెడతాడు, కొడతాడు, పదిమందిని పడగొడతాడు. జాక్ అలాంటిదేమీ చేయలేదు. అతను కదల్లేదు, అంతే. తర్వాతి అంకె చెవిలో పడుతుందేమో, తన అవసరం వస్తుందేమో అని కాచుకున్నాడు. ఓడ కెప్టెన్ రాబర్ట్ లాసన్ తర్వాత వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. తన అవసరం పడొచ్చని మీ అబ్బాయి అనుకున్నాడు, నిజంగా పడేదేమో కూడా, అందుకే నిలబడి కాచుకున్నాడు, అతనికి తోడు తన గుండె ధైర్యమూ, దేవుడూ మాత్రమే, అన్నది ఆ ఉత్తరం సారాంశం.

నాకు దీని మీద రెండు మనసులున్నాయి. దాచను. టీచరుగా నా ఉద్యోగమంతా పిల్లలకి చెప్పిందేమిటి? నీ చోటులో కూర్చో. చెప్పేదాకా లేవకు. చెప్పింది విను. ఈ మాటలు ఎన్ని వేలసార్లు అన్నానో. ఆ మాటల్ని అంత గట్టిగా నమ్మిన ఒక పిల్లాడు ఫిరంగుల మధ్య నిలబడిపోయాడు. అతన్ని తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అదే క్షణాన, బాబూ, ఇక చాలు, కిందికి దిగు అని అరవాలనిపిస్తుంది. ఈ రెండూ నాలో కొట్లాడుకుంటూనే ఉన్నాయి. ఎన్నేళ్ళు చదివినా ఒకటి రెండోదాన్ని గెలవలేదు.

చెస్టర్ మీద 29 మంది చనిపోయారు. 49 మంది గాయపడ్డారు. ఆ యుద్ధం మొత్తంలో బ్రిటన్ ఆరువేలకి పైగా నావికుల్ని పోగొట్టుకుంది. జర్మనీ రెండున్నర వేలకి పైగా. జాక్ మీద గుళ్ళు కురిపించిన నాలుగు ఓడల్లో వీస్‌బాడెన్ అనేది ఒకటి అన్నాను కదా. దాని సంగతీ చెప్పాలి. చెస్టర్‌ని కాపాడటానికి వచ్చిన పెద్ద ఓడలు దాన్ని దెబ్బతీశాయి. కదల్లేక సముద్రం మధ్యలో నిలిచిపోయి, ఎన్నో ఓడల గుళ్ళు తిని, ఆ రాత్రి మునిగిపోయింది. 589 మంది పోయారు. ఒకే ఒక్కడు బతికాడు, ఒక నార్వే ఓడ వాళ్ళు తీశారు. చెస్టర్‌ని కాపాడిన ఓడల్లో ఒకటైన ఇన్విన్సిబుల్ కూడా గంట తిరక్కుండానే పేలిపోయింది. వెయ్యిమందికి పైగా ఉన్న ఓడలో ఆరుగురు మిగిలారు. ఆ నీళ్ళలో రెండు దేశాల బడిపిల్లలూ పక్కపక్కనే ఉన్నారు.

చెస్టర్ ఎలాగో ఇమ్మింగ్‌హామ్ రేవు చేరింది. జాక్‌ని పక్కనే ఉన్న గ్రిమ్స్‌బీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్పృహలోనే ఉన్నాడు. యుద్ధం ఎలా జరిగిందని అడిగితే, "మేం బాగానే నెట్టుకొచ్చాం" అన్నట్టుగా ఏదో చెప్పాడట. ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది. లిల్లీ ఉన్నపళాన రైలెక్కింది. మేనర్ పార్క్‌ని ఆనుకునే ఉన్న ఈస్ట్ హామ్ నుంచి గ్రిమ్స్‌బీకి ఇప్పటికీ రెండు రైళ్ళు మారాలి. యుద్ధకాలంలో ఎంత సేపు పట్టిందో, ఆ బోగీలో ఆమె ఎలా కూర్చుందో. అమ్మ వస్తోందని జాక్‌కి తెలుసు. ఆసుపత్రిలో నర్సులకి పెద్ద అయిన మేట్రన్‌తో చివరిగా అన్న మాటలుగా లోకానికి తెలిసినవి ఇవి. అమ్మకి నా ప్రేమ చెప్పండి, అమ్మ వస్తోందని నాకు తెలుసు.

జూన్ 2 ఉదయం ప్రాణం పోయింది. లిల్లీ చేరేసరికి అయిపోయింది.

తల్లి కొడుకుని ఇంటికి తెచ్చుకుంది. చేతిలో డబ్బు లేదు. మేనర్ పార్క్ శ్మశానవాటికలో ఒక ఉమ్మడి గోతిలో పాతిపెట్టారు. పేరున్న రాయి లేదు. గుర్తుగా ఒక అంకె మాత్రం, 323. సముద్రం మీద తన చోటు వదలని కుర్రాడికి నేల మీద సొంత చోటు కూడా దొరకలేదు.

ఆ తర్వాత జరిగినవి మీకు త్వరగా చెప్పేస్తాను. జులైలో, ఆ యుద్ధంలో బ్రిటన్ ఓడల దళం ఒకదాన్ని నడిపిన అడ్మిరల్ బీటీ రాసిన నివేదిక బయటికొచ్చింది. అందులో జాక్ పేరుంది. పదహారున్నరేళ్ళు కూడా నిండని కుర్రాడు ప్రాణం పోయే గాయంతో తన చోటులో ఒంటరిగా నిలిచి ఆజ్ఞ కోసం ఎదురుచూశాడని, అతనికి ప్రత్యేక గుర్తింపు ఇవ్వాలని రాశాడు. పత్రికలు ఆరా తీస్తే ఉమ్మడి గోతి సంగతి తెలిసింది. దేశం తలదించుకుంది. జులై 29న మళ్ళీ తవ్వి తీసి, ఫిరంగి బండి మీద శవపేటిక పెట్టి, జెండా కప్పి, ఈస్ట్ హామ్ వీధుల్లో ఊరేగింపుగా తీసుకెళ్ళారు. చెస్టర్ ఓడలోని జాక్ ఈడు కుర్రాళ్ళు పూలచక్రాలతో వెంట నడిచారు. మనం రోజూ కూరగాయల సంచులతో నడిచే రోడ్లవి. అటూ ఇటూ జనం, బడిపిల్లలు.

సెప్టెంబరు 15న విక్టోరియా క్రాస్ ప్రకటించారు. మన దగ్గర పరమవీర చక్ర ఎంతో వీళ్ళకి అది అంత. నవంబరు 16న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అయిదో జార్జి రాజు ఆ పతకాన్ని లిల్లీ చేతిలో పెట్టాడు. అప్పటికి ఆమె ఒక్కతే. భర్త ఈలై అక్టోబరులోనే, సైన్యంలో ఉండగానే జబ్బుచేసి పోయాడు. కొడుకు సమాధిలోనే పాతిపెట్టారు. జాక్ సవతి అన్న ఆర్థర్ కూడా ఆ యుద్ధంలోనే ఫ్రాన్స్‌లో చనిపోయాడు.

స్కౌటు పిల్లలూ, మీ మాట ఇప్పుడు. స్కౌటు ఉద్యమం జాక్‌కి తన అత్యున్నత శౌర్య పతకం ఇచ్చింది. అతని పేరుతో ఒక బ్యాడ్జి మొదలుపెట్టింది. కార్న్‌వెల్ స్కౌట్ బ్యాడ్జి అని ఈనాటికీ ఉంది. కష్టంలో, బాధలో నిబ్బరంగా నిలబడ్డ పిల్లలకిస్తారు. పెద్ద జబ్బుతో పోరాడే పిల్లలకి కూడా ఇస్తారు.

చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ జాక్ బొమ్మ గీశాడు. ఫిరంగి పక్కన నిలబడ్డ జాక్. బొమ్మకి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలి కదా. జాక్ తమ్ముడు ఎర్నెస్ట్ నిలబడ్డాడు. చనిపోయిన అన్న బట్టల్లాంటి బట్టలేసుకుని, అన్న నిలబడ్డట్టు గంటలకొద్దీ కదలకుండా నిలబడ్డ ఆ తమ్ముడు నాకు తరచూ గుర్తొస్తాడు. ఆ ఇంట్లో ఇంకొకడు కూడా అలాగే నిలబడాల్సి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. దేశమంతా బడుల్లో ఆ సెప్టెంబరులో జాక్ కార్న్‌వెల్ రోజు జరిపారు. పిల్లలు పెన్నీ పెట్టి జాక్ బొమ్మ ఉన్న స్టాంపులు కొన్నారు. అలా పోగైన సొమ్ము వికలాంగులైన నావికుల కోసం ఒక ఆసుపత్రి వార్డుకి వెళ్ళింది. మంచి పనే, ఆ పిల్లలు పైసా పైసా ఇచ్చింది మంచి మనసుతోనే. కానీ లిల్లీ? 1919లో ఇదే తూర్పు లండన్‌లోని స్టెప్నీలో, గతిలేక తీసుకున్న అద్దె గదుల్లో ఆమె కన్నుమూసింది. నలభై ఎనిమిదేళ్ళు. కొడుకు బొమ్మ దేశమంతా బడి గోడల మీద ఉంది. కన్నతల్లి అద్దె కట్టలేని స్థితిలో పోయింది. నాకు ఇది మింగుడు పడదు. నూరేళ్ళు గడిచాయి, అయినా మింగుడు పడదు. పెద్దలు క్షమించాలి, గొంతు కాస్త పెరిగింది.

మా విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధంలో పోయిన నావికుల కోసం కట్టిన స్తూపం ఉంది. విక్టరీ ఎట్ సీ అంటారు. రిటైరయ్యే దాకా ఏడాదికొకసారి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. ఫొటోలు దిగేవాళ్ళు, మరమరాలు తినేవాళ్ళు, జలాంతర్గామి మ్యూజియం చూసేవాళ్ళు. అప్పుడు నేను తేదీలు చెప్పాను, ఓడల పేర్లు చెప్పాను. ఆ పోయినవాళ్ళ అమ్మలు ఏమయ్యారు అని ఒక్క పిల్లాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. జాక్ సంగతి చదివాకే నాకు ఆ ప్రశ్న తట్టింది. ఇప్పుడు సెలవులకి విశాఖ వెళ్ళినప్పుడల్లా ఆ స్తూపం దగ్గర కాసేపు ఊరికే కూర్చుంటున్నాను.

జాక్ నిలబడ్డ ఆ ఫిరంగిని ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళు భద్రపరిచారు. మనవణ్ణి తీసుకెళ్ళి చూపించాను. ఓడ ఇప్పుడు లేదు, 1921లోనే పాత ఇనుముకి అమ్మేశారు. ఫిరంగి మాత్రం ఉంది. మా వాడికి అప్పుడు పదకొండేళ్ళు. కవచం కింద ఉన్న సందు చూశాడు. వంగి, అందులోంచి చెయ్యి పెట్టి చూపించబోతే నేను ఆపాను, ముట్టుకోకూడదు కదా. "తాతయ్యా, ఇది ఎందుకు కింద దాకా లేదు?" అని అడిగాడు. పదకొండేళ్ళవాడికి తట్టిన ప్రశ్న.

చివరిగా ఆ సమాధి రాయి గురించి చెప్పి ముగిస్తాను. ఆ రాయిని ప్రభుత్వం పెట్టలేదు, నౌకాదళం పెట్టలేదు. ఈస్ట్ హామ్ బడుల్లో చదువుతున్న పిల్లలూ, అంతకు ముందు చదివి వెళ్ళిన పిల్లలూ కలిసి పెట్టారు. ఆ మాట రాయి మీదే చెక్కి ఉంది. డబ్బూ వంశమూ కావు, మంచి నడవడీ గొప్ప మనసూ మనిషిని పెద్దవాణ్ణి చేస్తాయని ఇంకో వాక్యం కూడా ఉంది. నడవడి అన్న మాట అక్కడ చూసి నాకు ఆ హెడ్మాస్టరు ఉత్తరం గుర్తొచ్చింది.

మీరు కూడా ఈస్ట్ హామ్ బడుల పిల్లలే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు, అయినా ఈస్ట్ హామ్ బడుల పిల్లలే. ఆ రాయి మీద చెక్కిన మాటలో మీరూ ఉన్నారు.

రేపు ఆదివారం ఉదయం పది గంటలకి నేను అక్కడికి వెళ్తున్నాను. రావాలనుకున్నవాళ్ళు శ్మశానవాటిక గేటు దగ్గర కలవండి. పెద్దవాళ్ళు ఒకరు తోడుండాలి. ఎండ ఉంటే నీళ్ళ సీసా తెచ్చుకోండి. పూలు తెచ్చేవాళ్ళు రెండు గుప్పిళ్ళు తెండి. ఒకటి జాక్‌కి. రెండోది లిల్లీకి.